పుట్టుమచ్చలు

పదో తరగతి సర్టిఫికెట్లో నేనంటే రెండు పుట్టుమచ్చలు.
ఎడమ గూడెముక మీద ఒకటి,
కుడి మోకాలి కింద ఒకటి.
నామినల్ రోలు రాసే రోజు హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకుని
"ఇంకేం లేవా మే?" అంటే
లేవు సార్ అన్నాను.
అప్పటికి నిజంగానే లేవు.

నెల్లూరు పోలీసు గ్రౌండు, షామియానా కింద
స్పోర్ట్స్ కోటా లైను.
గుమాస్తా కాగితాన్ని చూస్తాడు, మనిషిని చూస్తాడు,
మళ్ళీ కాగితాన్నే నమ్ముతాడు.
"గూడెముక మీద మచ్చ యాడుందమ్మా?"

లేడీ కానిస్టేబులు తెర చాటుకు తీసుకుపోయి చూసింది.
మచ్చ లేదు.
జానెడు జెర్రి పాకుతోంది, కుట్లే దాని కాళ్ళు.
దాని కింద ప్లేటు, ఏడు స్క్రూలు.
పొగతోట డాక్టరు సరిగ్గా మచ్చ మీదనే కోశాడు.
ఆయనకేం తెలుసు, అది గవర్నమెంటు దగ్గరున్న నా గుర్తని.

ఎట్ట చెప్పేది ఈమెకు?
మైపాడు ఇసకలో జిలానీ సారు
బండిదోసకాయ లాంటి బంతి చేతికిచ్చి
"దీన్ని ముందుకు విసరగూడదు, ముందుకు మీరే పోవాల" అన్నాడు.
ముందుకంటే ఎదురుగా ఉన్న మనిషిలోంచి అని
సారు చెప్పలేదు.
మస్తానమ్మ చెప్పింది, నా పక్కటెముకలకి.

స్క్రమ్ములో తల దూర్చినాక
పదహారు మంది బరువు
మెడలో ఒక్క పూస మీదికొచ్చి కూచుంటుంది.
ఇంటికొచ్చి అన్నం ముద్ద మింగాలంటే
మొత్తం వీపుని అడగాల.
కుడి చెవి నలిగి నలిగి గోబీపువ్వయింది,
కమ్మ దూరే బెజ్జం పూడిపోయింది.
గూడ జారితే ఎక్కించడం పెంచలమ్మకొచ్చు.
బస్సు వెనక సీట్లో, సెల్లు లైటు వెలుగులో,
నా పళ్ళ మధ్య తువ్వాలు కుక్కి.
ఏడుపో నవ్వో, బయటికి ఒకటే శబ్దం వచ్చేది.

ఒంగోలులో తలకి తల తగిలింది.
లేచి ఆడానంట. గెలిచామంట.
రెండు రోజులు నా దగ్గర లేవు.
పెన్న వంతెన మీద బస్సు పోతా ఉంటే
ఈ ఏటి పేరేంది అని అడిగానంట.
అమ్మ రొయ్యల షెడ్డు నించి నేరుగా వచ్చి
ఐసుకి కొయ్యబారిన వేళ్ళతో నా నెత్తంతా తడిమింది.
ఎక్కడా బొప్పి లేదు.
లేకపోవడమే భయం అన్నాడు డాక్టరు.
"రోజుకు నలభై కిలోల తలకాయలు తీస్తాను మే,
నీ ఒక్క తలకాయ నువ్వు నిలబెట్టుకోలేవా?"
అమ్మ ఆ మాటని మళ్ళీ అనలేదు.
అన్నం పెట్టేటప్పుడు మాత్రం
రోజూ ఏదో ఒక పేరు అడిగేది,
చిన్నాయన పేరు, మా వీధి పేరు,
ఆ రోజు కూర పేరు.

మళ్ళీ ఎందుకు పొయ్యావు అంటారు.
కావలిలో వానపడ్డ గ్రౌండు.
ఇద్దర్ని ఈడ్చుకుంటా గీత దాటి బొక్కబోర్లా పడితే
వీపు మీద ఏడుగురు పడి అరుస్తా ఉన్నారు.
ఊపిరాడలేదు. చీకటి.
ముక్కు కింద నలిగిన గడ్డి వాసన.
ఇంతకు మించి నాకు చెప్పడం రాదు.

కానిస్టేబులక్క మోకాలు చూపించమంది.
చెక్కుకుపోయిన తోలు మధ్య
మెంతిగింజంత మచ్చ, ఇంకా ఉంది.
ఆమె వేలు మాత్రం జెర్రి మీదకే పోయింది.
"లోపల ఇనుము తెలస్తుందా?"
"వాన రాకముందే తెలస్తుందక్కా."
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత తెర పక్కకు లాగి కేకేసింది:
"రెండూ ఉన్నాయి సార్!"

వేలిముద్ర దగ్గర మళ్ళీ ఆగింది లైను.
రెండుసార్లు విరిగి వంకరగా అతికిన బొటనవేలు
సిరా ప్యాడు మీద ఆనలేదు.
వెనకాల నిలబడిన పిల్లెవరో వచ్చి
దాన్ని గట్టిగా పట్టుకుని
నొక్కింది.