టాలీ

చెవి మీద పెన్సిలు, చేతిల అట్ట.
నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదికెళ్లి ఏటవాలు.
పదకొండేండ్లాయె, దేరా ఒడ్డున
గిదే గీసుడు.

పోయినసారి ఊరికి పోతే మెట్‌పల్లి బస్టాండుల
సోడా అమ్మేటాయన అడిగిండు:
"నూనె బావి ఎంత లోతుంటదన్నా?"
బావిని నేను చూడలే.
చూసింది టైర్లు. చాయ్‌పత్త పెట్టెలు. ఏసీలు.
చిన్నపిల్లల డైపర్లు, పాత కార్ల బ్యాటరీలు,
ఒకపారి పన్నెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు
ఒకదాని ఒళ్లె ఒకటి కూసొని, సోమాలియా పెండ్లిళ్లకు.

ఎక్కన్నో పుట్టి జబెల్ అలీల దిగుతయి,
లారీల మీద మా ఒడ్డుకొస్తయి,
ఈడికెళ్లి కట్టె పడవలెక్కి
బెర్బెరా, బొసాసో, బందర్ అబ్బాస్.
ఒక చేత్తోని అందుకొని ఇంకో చేతికి ఇచ్చుడు,
ఈ ఊరి విద్దె గిదే.
ఇచ్చేటప్పుడు వేళ్లకు అంటుకున్న పిండి
దులిపి పోగేస్తే
అగో, ఆ అద్దాల మేడలు లేచినయి.

పేపరోళ్లు ఏడాదికోసారి గుండ్రటి బొమ్మ గీస్తరు.
రొట్టెను తుంచినట్టు ముక్కలు, ముక్కకో రంగు:
వ్యాపారం గింత, ఇండ్ల కట్టుడు గింత, టూరిస్టులు గింత,
నూనెది దారమంత సన్నం.
మా రూముల ఎనిమిది బంకులున్నయి.
కింది బంకు దేవన్నది, అల్యూమినియం కొలిమి కాడ పని,
తానం చేసొచ్చినా ఆయన పక్కపొంటి గోడ ఎచ్చగనే ఉంటది.
మీది బంకు గంగమల్లు
హోటల్ల రోజుకు పదహారు రూముల దుప్పట్లు మారుస్తడు,
తన దుప్పటి మాత్రం నెలకోపారి.
విమానాల కడుపుల సూట్‌కేసులు పేర్చే ఇర్ఫాన్
సీట్ల కూసున్నది లెక్కేస్తే నాలుగుసార్లు.
ఆరో బంకు ఖాళీ. క్రేన్ పని ఆగింది.
లింబాద్రి పేరు ఇంకా గోడ మీద బొగ్గుతోని ఉంది.
గుండ్రటి బొమ్మల ఖాళీ బంకుకు రంగుండదు.

మొన్న, ఎండ నలభై ఆరు,
దాద్ కరీం వీపు మీదికెళ్లి ఒక పెట్టె జారి పగిలింది.
తునికాకు వాసన.
ముక్కు ముందుగాల గుర్తుపట్టింది, కండ్లు తర్వాత:
బీడీలు.
మా దిక్కు బీడీలు.
ఎర్రదారం కట్టలు, ఒక సముద్రం దాటొచ్చి
ఇంకో సముద్రానికి ఎదురుచూస్తున్నయి.

లెక్క నాకు బడి నేర్పలే.
మా లసుమక్క నేర్పింది,
చాట ఒళ్లె పెట్టుకొని, కత్తెరతోని ఆకు కోసుకుంట:
"కట్టకు ఇరవై ఐదు. వెయ్యికి నలభై కట్టలు.
తక్కువైతే కార్ఖానల సేటు ఛాట్ తీస్తడు,
ఎక్కువైతే ఊకుంటడు."
లెక్కంటే ఎవలు ఎప్పుడు ఊకుంటరో తెలుసుడే అని
అప్పుడు నాకు ఎరుక లేదు.

పగిలిన పెట్టె కాడ కూసొని ఒక కట్ట లెక్కపెట్టిన.
ఇరవై నాలుగు.
మళ్ల లెక్కపెట్టిన. ఇరవై నాలుగు.
ఏ ఊరి చేతులో.
ఏ రాత్రి కరెంటు పోయిందో,
పిల్ల ఏడిస్తే నడుమల లేచిందో.
మా అక్కవైతే కావు. అక్క చుట్టుడు బందువెట్టి ఆరేండ్లు,
ఇప్పుడు సూదిల దారం ఆనుతలేదు.

పడవ మీదికెళ్లి నాఖుదా కేకేసిండు.
షంసు సేటు ఫోన్ల నుంచి తలెత్తిండు: "తక్కువున్నదా?"
మా కాగితం మీద ఆ గడి ఉంటది,
తక్కువ, పగిలింది, తడిసింది.
"సరిపోయింది" అని రాసిన.
పదకొండేండ్లల నా మొదటి అబద్ధం
ఒక్క బీడీ అంత.

దాద్ కరీం ఇంకోటి పీకి చెవి మీద పెట్టుకున్నడు
నా పెన్సిల్ లెక్క.
ఇరవై మూడు.
కట్ట మళ్ల ముడేసిన.
అక్క ముడి నాకు రాదు, మూట కట్టేటోని ముడే వచ్చు.

తర్వాతి లారీ వెనక్కొస్తుండె. ఫ్రిజ్‌లు.
ఒకటి, రెండు,
మూడు, నాలుగు,