పద్నాలుగో రాయి

అమీర్‌పేట హాస్టల్లో మా గదిలో నలుగురం.
ముగ్గురు క్లౌడ్ నేర్చుకుంటున్నారు.
నేనేమో, మబ్బు కురిశాక నీళ్ళెటు పోతాయో.

నాలుగున్నరకి అలారం మోగితే
పై మంచంలోంచి దివిజ దిండు విసురుతుంది:
"కొంగల్ని లెక్కపెట్టే కొలువుకి కూడా లాగిన్ టైముందా?"
ఉంది. సూర్యుడు.
మెడలో బైనాక్యులర్స్, సంచిలో ఆక్సిజన్ మీటరు,
పదకొండు వేల స్టైపెండు.
రెండు నెలలది ఇంకా దారిలోనే ఉంది,
మా చెరువుకి రావలసిన వాగులాగే.

ఫారంలో దాని పేరు తుంగకుంట.
ఫోన్ మ్యాపులో లేక్ వ్యూ ఫేజ్ టూ.

మొదటిరోజే ఒక బూటు బురదకి ఇచ్చేశాను.
గుర్రపుడెక్కని నేలనుకుని అడుగేశాను.
పోశెట్టి తెప్ప మీంచి చెయ్యందించి లాగి
"పచ్చగున్నదల్లా గడ్డ గాదు బిడ్డా" అన్నాడు.
నాలుగు సెమిస్టర్లలో ఎవరూ చెప్పని మాట.

తెప్పంటే థర్మాకోల్ దిమ్మెలు,
పాత ఫ్లెక్సీలో చుట్టి తాడు బిగించినవి.
దాని మీద ఎవరో కార్పొరేటర్
ఇంకా దండం పెడుతూనే ఉన్నాడు.
ఆ రెండు చేతుల మధ్య కూచుని
నలుపూ తెలుపూ వేసిన పళ్ళేన్ని నీళ్ళలోకి వదిలి
ఎంత లోతున మాయమవుతుందో రాసుకుంటాను.
జానెడు.
ఒక్కోరోజు అదీ ఉండదు.

నిన్న సాయంత్రం బొల్లికోళ్ళు నూట పన్నెండు.
ఈ పొద్దున నూట ఆరు.
నా కళ్ళదే తప్పనుకుని మూడుసార్లు లెక్కపెట్టాను.
"తప్పలే. కట్టకింద ఈకలున్నయి, చూసిరా.
రాత్రి కుక్కలొచ్చినయి."

నాలుగో నెలలో హద్దురాళ్ళ పని.
వైదేహి మేడం జాబితా ఇచ్చింది, ఇరవైరెండు.
ఒక్కోదాని పక్కన నిలబడి జీపీఎస్ నొక్కాలి.
పదమూడోది దొరికింది, సర్కారుతుమ్మల్లో,
ముల్లు అరికాల్లో విరిగింది.
పదిహేనోది చాయ్ డబ్బాకి మెట్టయింది.
పద్నాలుగోది లేదు.

పోశెట్టి బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని
ప్రహరీ వెంబడి కాసేపు నడిచి
గ్రిల్లు సందులోంచి బ్యాడ్మింటన్ కోర్టు వైపు గడ్డం ఎత్తాడు.
"గాడ మా నాయిన వలలారేస్తుండె.
మత్తడి దుంకినప్పుడు
ఆ తెల్లగీత కాడ నాకు మొలబంటి నీళ్ళు."
లోపల నా వయసు పిల్లే, సర్వీసు చేస్తోంది.
అటూ ఇటూ ఎగురుతున్నది బాతు ఈకలే.
ఆ నేల మీద మిగిలిన ఆఖరి ఈకలు.

సెక్యూరిటీ అన్న లోపలికి పోనివ్వలేదు.
మంచినీళ్ళు మాత్రం ఇచ్చాడు, బాటిల్ నిండా.
గోడకి ఫోను ఆనించి బటన్ నొక్కాను.

ఫారంలో రిమార్కుల గడి
నలభై అక్షరాలకి మించి పట్టదు.
'రాయి లేదు' అని కొట్టాను.
"కనపడలేదు అను, చాలు" అంది మేడం మధ్యాహ్నం.
రాత్రి పదకొండింటికి తనే ఫోన్ చేసింది.
వెనక కుక్కర్ కూత.
"నువ్వన్నదే సరి.
రాయి లేదనే రాయి."

ఆర్నెల్లయింది. సర్టిఫికెట్ వచ్చింది.
నా పేరులో ఒక అక్షరం ఎక్కువ,
చెరువు పేరు అసలే లేదు.

మొన్న గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ.
బిల్డర్లకి పర్యావరణ నివేదికలు రాసే కంపెనీ.
ఏసీలో కూచుంటే నా గోళ్ళకింది బురద
నాకు మరీ నల్లగా కనిపించింది.
"ఫీల్డు తెలిసినవాళ్ళే కావాలి మాకు" అన్నాడాయన,
"భాష మాత్రం కొంచెం మెత్తగా ఉండాలి."
ముప్పై ఆరు వేలు.

"ముప్పై ఆరా! ఇంకా ఏం ఆలోచిస్తున్నావే?"
దివిజ మంచం మీంచి తలకిందులుగా వేలాడుతూ అడిగింది.
నలభై అక్షరాల్లో పట్టే జవాబు.

బూట్లు కిటికీలో ఆరుతున్నాయి, గదంతా ఆ వాసనే.
ఎవరూ ఏమీ అనలేదు.
అలారం ఇంకా నాలుగున్నరకే ఉంది.