పరాయి పుట్ట చెత్త

పడుకునే ముందు టార్చి వేసి చూశాను
నారింజ మొక్కకి నూట పదకొండు ఆకులు.
నవ్వకండి,
పరాగ్వారి బస్సులో ముప్ఫై ఏళ్ళు తలలు లెక్కపెట్టిన కండక్టర్ని.
తెల్లారేసరికి తొమ్మిది.

ఎర్రమట్టి దారిలో
తలో పచ్చముక్కా గొడుగులా ఎత్తుకుని
వరస తప్పకుండా పోతున్నాయి అకెకె చీమలు.
టిక్కెట్టు అడిగేవాడు లేడు.

వీధంతా వైద్యులే.
బూడిద చల్లమన్నాడు మంగలి. చల్లాను,
సాయంత్రం వాన కురిసి అదంతా వాగులో కలిసింది.
వెనిగర్ పొయ్యమంది పంతులమ్మ. పుట్ట నోట్లో పోశాను,
పక్కనే ఇంకో గుమ్మం తెరుచుకున్నాయి
పెళ్ళివారింటి పెరటిదోవలా.
సలసల కాగే నీళ్ళకి
నా బొటనవేలే బొబ్బలెక్కింది.
పాత టైరు కోసి, మొదలు చుట్టూ పెట్టి, నీళ్ళు నింపితే
రాలిన ఆకొకటి వంతెనయింది.
నా చెట్టు ఆకే.

మూలకొట్లో మందు డబ్బా ఉంది, పుర్రె బొమ్మది.
చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను.
ఆ చెట్టు కిందే నా కోళ్ళు కెక్కరించుకుంటాయి.
మనవరాలు ఇసౌరా రెండేళ్ళది, ఇంకా మట్టి తింటుంది.

ఒక రాత్రి కుర్చీ వేసుకుని కాపలా కూచున్నాను.
చీమ చిటుక్కుమన్నా వినపడుతుందంటారే,
నిజంగానే వినపడింది.
చిటుకు. చిటుకు. చిటుకు.
ఎక్కడో చీకట్లో ఒక దర్జీ
నా చెట్టుని ఎవరి కొలతలకో కత్తిరిస్తున్నాడు.

చివరికి చిపా రొట్టెలమ్మే బ్లాసిద
చిల్లర ఇస్తూ ఇస్తూ చెప్పింది:
"పుట్ట పక్కన అవి చెత్త పోసుకుంటాయి, చూశావా?
వాడిపారేసిన బూజూ, చచ్చిన చీమలూ,
కాఫీ పిప్పిలా ఉంటుంది.
తెచ్చి మొదట్లో వెయ్యి.
నీ పుట్టది కాదురోయ్, తమ కంపు తమకి ఇల్లే.
వేరే పుట్టది కావాలి.
ఎరగనివాళ్ళ చావువాసనకి ఎవరైనా వెనక్కి తిరుగుతారు."

వేరే పుట్ట ఉన్నది ఒక్కచోటే,
కంచెకి అవతల, ఎవారిస్తో మాండియోకా చేలో.
ఎవారిస్తో నా తమ్ముడు.
కంచెరాటని రెండు జానలు జరిపింది
అతనో నేనో
పదకొండేళ్ళయినా కోర్టు తేల్చలేదు.

మా వైపు తలుపు తట్టరు,
గేటు బయట నిలబడి చప్పట్లు కొడతారు.
బకెట్టు కింద పెట్టి మూడుసార్లు కొట్టాను.
వచ్చాడు. జుట్టు నెరిసింది.
"ఏం కావాలి?"
"చెత్త."
"ఎవరి చెత్త?"
"మీ చీమలది."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు,
తప్పు స్టాపులో దిగినవాణ్ణి చూసినట్టు.
లోపలికి పోయాడు.
పార తెచ్చాడు.

ఆ రాత్రి చిటుకు లేదు.
మొదలుదాకా వచ్చిన చీమలు మీసాలు ఎత్తి,
ఒకదాన్నొకటి తడుముకుని,
వచ్చిన దారే పట్టాయి.
చావలేదవి. ఇప్పుడు చర్చి జామచెట్టు మీద ఉన్నాయి.
ఫాదిరీ నన్ను అనుమానంగా చూస్తున్నాడు.

ఆ వాసన నెల్లాళ్ళు ఉంటుంది,
గట్టి వాన పడితే అదీ ఉండదు.
మళ్ళీ ఎలా అడగాలా అని తన్నుకులాడుతుంటే
మా గేటు బయట చప్పట్లు.
ఎవారిస్తో, చేతిలో బకెట్టు.
"మా మిరపమళ్ళకి పట్టాయి," అన్నాడు, నేలని చూస్తూ,
"మీ పుట్టది ఏమైనా ఉందా?"

అప్పటినించీ నెలకోసారి
కంచె తీగ మీదుగా బకెట్లు మారుతున్నాయి.
రాట సంగతి ఇద్దరం ఎత్తం.
అది ఇంకా అక్కడే ఉంది, కాస్త వంగి.
దాని కిందనించి చీమలు ఇటూ అటూ పోతుంటాయి,
ఎవరి పుట్టవో చెప్పలేను.

నిన్నటి బకెట్టు ఇంటికొచ్చాక వెతికాను.
ఏమో, ఏదైనా పెట్టి ఉంటాడేమోనని.
ఏమీ లేదు. చెత్తే.
కానీ అంచుదాకా,
చేత్తో ఒత్తి ఒత్తి నింపినట్టుంది.

చెట్టుకి కొత్తవి నలభై రెండు.