కారణం అన్న గడిలో

సెలవు చీటీలో తలనొప్పి అని రాసి
ఎగ్మూరు రికార్డాఫీసుకొచ్చాను, ఇది తొమ్మిదోసారి.
ఇక్కడ ఫ్యాను వెయ్యరు, కాగితాలు లేచిపోతాయట.
చెమట పేజీ మీద పడకుండా
కొంగు మెడకు చుట్టుకుని
పులియాంతోపు డివిజను హాజరు పట్టీలు తిప్పుతున్నాను.
ఊడ్పు మనుషులు, ఆడవాళ్లు.
అందరికీ ఒక్కో ముక్క పేరు.
ఇంటిపేరుకి గడి అచ్చెయ్యనే లేదు.

చెంచత్త గొంతు నా ఫోనులో ఉంది.
"మా అవ్వ కాలవ పడవలో వచ్చింది,
ఉప్పు బస్తాల మీద కూచోని.
కావలికి అవతల ఊరంట. పేరడగబాక, ఆమె చెప్పలా.
ఆ వూరు మనల్ని తలుచుకుంటే గదా
మనం దాన్ని తలుచుకునేది, అనేది."

తాత ఎప్పుడు పుట్టాడంటే
ఓటేరి కాలవ పొంగి గుడిసెలోకొచ్చిన రాత్రి.
తట్టలో పెట్టి మిల్లు గోడ ఎక్కించారట.
ఏ ఏడత్తా?
తుపాను ఏడు.
మద్రాసులో తుపాను లేని ఏడేదత్తా?
అత్త నవ్వింది. ఆ నవ్వు తర్వాత
రికార్డింగులో చాలాసేపు కుక్కరు కూతే ఉంది.

తాత సర్వీసు పుస్తకంలో పుట్టిన తేది జూలై ఒకటి.
మా వీధిలో ఆయన ఈడు వాళ్లంతా
జూలై ఒకటినే పుట్టారు.

మధ్యాహ్నం మూడు దాటింది.
ఇరవయ్యేడో సంవత్సరం, నవంబరు.
వరస సంఖ్య నలభై ఒకటి: పోలరీ.
పోలేరమ్మని గుమాస్తా చెవి అంతవరకే విన్నది.
రోజుకో నిలువు గీత.
మూడున సున్నా. నాలుగున సున్నా.
ఐదున మళ్లీ గీత.

ఐదున!
పచ్చి బాలింత, చీపురు పట్టుకుని.

జరిమానా: నాలుగణాలు.
కారణం అన్న గడిలో
గుమాస్తా ఒక అడ్డగీత గీశాడు.

ఆ అడ్డగీత మా తాత.

పేజీ అడుగున, వేరే సిరాతో:
వరదకి తట్టలు పదిహేడు కొట్టుకుపోయినవి,
ఖర్చు మనుషుల మీద వెయ్యాలి.
అయ్యా, పదహారే.
ఒకటి మిల్లు గోడ మీదుంది,
అందులో ఒకడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

ఫోటో తియ్యనివ్వలేదు.
పెన్సిలుతో చూసి రాసుకున్నాను,
ఆ సున్నాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో అంత గుండ్రంగా.

రాత్రి వ్యాసర్‌పాడిలో నాన్నకి చెప్పాను.
రేషను కార్డులో రమణన్, మా నోళ్లలో రవణయ్య,
ముప్పయ్యారేళ్లు చెత్త లారీ తోలినవాడు.
"నాలుగణాలా" అన్నాడు.
వేళ్ల మీద ఏదో లెక్కేశాడు.
"వడ్డీతో ఎంతవుద్దో."
అన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి,
గోడ మీది తాత ఫోటో దించి
తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.
"బాలింతకి కాయం పెట్టారో లేదో" అన్నాడు
ఎవరితోనో.

మా ఇంట్లో తెలుగు నోట్లో ఉంది,
చేతిలోకి రాలేదు.
కొట్లాటలు తెలుగు, కోర్టు కాగితాలు తమిళం.
నేను ముప్పయి నాలుగేళ్లకి పలక కొన్నాను,
పక్కింటి పిల్ల నవ్వుతుండగా దిద్దాను.
ఇప్పటికీ ణ రాయాలంటే భయం,
ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

అందరూ పడుకున్నాక నోటుబుక్కు తెరిచాను.
ఏం రాయాలి?
ముఖం తెలీదు. ఊరు తెలీదు.
తెలిసిందల్లా రెండు సున్నాలు, ఒక అడ్డగీత,
ఊరి మీద అలిగిన ఒక మాట.

ముందు పేరు.
పో, తప్పు లేకుండా వచ్చింది.
లే దగ్గర ఆగి, దీర్ఘం ఎటు వంగుతుందో
పాలపాకెట్టు కవరు మీద చూసుకున్నాను.
ర.
చివర, గుమాస్తా మింగేసిన మ్మ.
కింద వత్తు పెడుతూ కలం గట్టిగా నొక్కాను.
అవతలి పేజీకి కూడా దిగింది.