హాజరు పుస్తకం

పాతికేళ్ళ చరిత్ర రాసిమ్మన్నారు, సావనీరుకి.
నా దగ్గరున్నది
నెల్లిమర్ల జనపమిల్లు షిఫ్టు పుస్తకం ఒక్కటే.
వెనక పేజీల్లో మా మొదటి హాజరు:
నాలుగు పేర్లు, రెండు గోనెపట్టాలు.

మూడో పేరు గంగులు.
వాళ్ళమ్మ తవిటమ్మ మిల్లుకెళ్తూ
మంచం కోడుకి వాడి కాలు కట్టేసేది.
"ఏటి సెయ్యను, రోడ్డు మీదకి పోతాడు" అనేది.
ఆ చీరపేలిక ముడి నేనే విప్పాను,
గోరు విరిగింది.

తారీకుల పక్కన నా రాత:
"ఇవాళ ఒక బొత్తాం పెట్టుకున్నాడు."
పదకొండు నెలల తర్వాత:
"రెండోది."
తుఫాను ఏడాది పేజీలు తడిసి అట్టకట్టాయి.
రేకులెగిరిపోతే
రైసుమిల్లు అరుగు మీద నెలరోజులు నడిపాం.
జీతాల్లేని నెలలు లెక్క రాయలేదు.

కలెక్టరుగారొచ్చి రిబ్బను కత్తిరించిన రోజు
నేను రాసిందిదీ:
"రాజ్యం మళ్ళీ కరిచింది. ఎడమచెయ్యి."

ఆరో ఏట ఓ మధ్యాహ్నం
గంగులు "నీల్లు" అన్నాడు.
గ్లాసు నోటికందిస్తే తోసేశాడు.
కుండకేసి చూసి,
ఎండిపోయిన నా పెదాల మీద
వేలు పెట్టాడు.

ఆ రోజు పేజీ ఖాళీ.
సావనీరులో దాన్ని
అలాగే వెయ్యండి.