ఏడు నిలువు, ఆరు అడ్డం

బల్లార్షా నుంచి లారీ మూడు రోజులు ఆలస్యం.
ఆలపల్లి అడవిలో టైరు పేలిందట.
టేకు చెట్ల నడుమ దిక్కులేక నిలబడ్డ ప్లైవుడ్!
కనకాచారి ఆ మాటకి
బీడీ ఆరిపోయేదాకా నవ్వాడు.

సిరొంచ ఆశ్రమశాలకి పుస్తకాల అరలు.
నలభై పలకలు, ఒక్కోటి మూడడుగుల పొడుగు,
వెడల్పు అడుగుకి రవ్వంత తక్కువ.
ఆ రవ్వ రంపానిది,
అదీ కూలి తీసుకుంటుంది.

మొదటి రోజు నా చేతికి రంపం రాలేదు.
కళ్ళు మూసుకుని షీటు మీద గోరు నడపమన్నాడు.
ఒకవైపు జారింది,
ప్రాణహితలో వాలుకి వదిలిన పడవలా.
ఇంకోవైపు గరగర.
"జారిన దిక్కే నార. యాది పెట్టుకో పోరీ,
రంగేసినంక కండ్లకు దొరకది."

అంచు లెక్కపెట్టమన్నాడు.
పదమూడు పొరలు.
ఏడు నిలువు, ఆరు అడ్డం.
వానకి ఒకటి ఉబ్బబోతే
పైదీ కిందదీ పట్టి ఆపుతాయి.
బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు,
నాయనమ్మ అలిగితే గోండి...
నాకేదో తట్టి చెప్పబోయాను.
"ముచ్చట్లు తర్వాత. మూల పట్టు."

ఇన్ని పొరలు అల్లుకున్నాక
ఎటు కోస్తే ఏంటి అని అడిగాను.
జవాబు చెప్పలేదు.
ఒకే షీటులోంచి రెండు పట్టీలు తీసి
ఇటుకల మీద పరిచి ఎక్కమన్నాడు.
నార వెంట కోసింది కొంచెం మూలిగింది.
అడ్డంగా కోసింది ఉయ్యాలైంది.
"ఒక్క పొరే గదా తేడా!"
"ఒక్కటే. గాని అది బయటుంది.
వంగేటప్పుడు ముందు నొచ్చేది బయటోళ్ళకే."

షీటుకి ఎనిమిది పలకలు,
ఐదు షీట్లు రాసి పెట్టి
ఆయన నది దాటి చెల్లెలింటికి పోయాడు.
ప్రతి షీటుకీ చివర
రెండడుగుల ముక్క మిగిలిపోతోంది.
నాకు ప్రాణం ఒప్పలేదు.
దాన్ని అడ్డంగా తిప్పితే ఇంకో రెండొస్తాయి.
వచ్చాయి.
నాలుగు షీట్లలోనే నలభై!
పొట్టు రేగకుండా కత్తితో గాటు పెట్టి మరీ కోశాను,
పైన ఆకుపచ్చ రంగేశాను, కింద వెయ్యలేదు,
ఎవరు వంగి చూస్తారని.
ధకాతే సారు అద్దాలు తుడుచుకుని
"ఛాన్ ఝాలం" అన్నారు.
మిగిల్చిన షీటుని గోడకి ఆనించి
కనకాచారి రాక కోసం చూశాను.
ఆయన షీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు,
చేతులు కడుక్కోడానికి పోయాడు.

శ్రావణంలో కబురొచ్చింది.
ముప్పై రెండు పలకలు తిన్నగా ఉన్నాయి.
ఎనిమిది మాత్రం
శబ్దకోశాల కింద, అట్లాసుల కింద
నిండు చూలాలి నడుంలా.

ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని
రంగులేని వైపు గోరు పోనిచ్చాడు.
ఆ గరగర
గది అవతల నిలబడ్డ నాకు వినిపించింది.

తిడతాడేమోనని చూస్తే
సైకిలిచ్చి షీటు తెమ్మన్నాడు,
నేను మిగిల్చినదాన్నే.
నార నిలువుగా ఉంచి ఎనిమిది ఊతలు కోయించాడు.
వంగిన పలకల్ని బోర్లించి బిగించి
ఒక్కోదాని నడుమ ఒక్కో ఊత.
"అడ్డనార చెడ్డది గాదు.
ఎడం ఎక్కువైంది దానికి. తగ్గిస్తే మోస్తది."
అట్లాసు తిరిగి పెట్టాను.
మోసింది.

ఇప్పటికీ ఆ ఎనిమిదింటికీ
పచ్చి ముఖమే పైకి.
దుమ్ము తుడిచే పిల్లలు
ఇక్కడెందుకు గరుకుగా ఉందని అడుగుతారట.

శనివారం కూలి లెక్కలో
ఊతలకి ఏమీ పట్టుకోలేదు.
స్క్రూలకి పట్టుకున్నాడు.
ఊతకి నాలుగు చొప్పున, ముప్పై రెండు.