కాటా గదిలో

లెనిన్ సెంటర్‌లో నలభై రూపాయలకి కొన్నాను.
బేరమాడితే ముప్పైకిచ్చేవాడే,
వెనక అట్ట మీద రాసినాయన ఫోటో
మా గుమాస్తా నాగభూషణంలా అలిసిపోయి కనిపించింది,
నోరు రాలేదు.

గుంటూరు మిర్చి యార్డు గేటు పక్కన
కాటా గది నాది.
లారీకీ లారీకీ మధ్య పేజీన్నర.
తేజ కాయ దిగే రోజుల్లో
పేరాకి మూడు తుమ్ములు.

కథేం లేదు.
ఏదో అమెరికా చిన్న ఊరు,
ఇళ్లలో హీటర్లు బాగుచేసే డెల్.
మర్చిపోయిన ఫ్లాస్కు కోసం
ఒకరోజు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొస్తాడు.
ఫోను మోగుతుంది. ఎత్తుతాడు.
ఎత్తకపోతే
మంచు గడ్డకట్టిన ఆ వంతెన మీద
ఆ టైముకి ఉండేవాడు కాదు.
మిగతా మూడొందల పేజీలూ
అతని భార్య లోరీన్
ఆ ఫ్లాస్కుని ఎక్కడ పెట్టాలో తెలీక తిరుగుతుంది.

మంచు కురిసినప్పుడల్లా ఆగిపోయేదాన్ని.
నాకు తెలిసిన మంచు
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ తలుపు తీస్తే
పాదాల మీదికి పాకే తెల్లటి పొగ.
ఆ పొగలోనే లోరీన్‌ని నిలబెట్టాను,
మా పెద్దక్క ఊదారంగు స్వెటర్ తొడిగి.

మొదట చిరాకేసింది.
దీనికి ఇన్ని పేజీలా?
మావాళ్లు నుదుటి మీద వేలితో ఒక గీత గీసి
తుండు దులుపుకుని టీకి పోతారు.
విధి, తలరాత, ప్రాప్తం, గ్రహచారం,
కర్మ, అదీ చాలకపోతే ఖర్మ,
మాకెన్ని మాటలని!
పాపం లోరీన్‌కి ఒక్కటీ దొరకలేదు,
అందుకే కాబోలు
అంతా చెప్పాల్సొచ్చింది.

నూట పన్నెండో పేజీలో
మీరావలి గుర్తొచ్చాడు.

పోయిన మార్చిలో టిక్కీల నెట్టు జారింది.
ఆ రోజు అతని వంతు కాదు.
ఏసోబు పంటి నొప్పికని పెద్దాసుపత్రికి పోతే
బదులొచ్చాడు.
తలా యాభై వేసుకున్నాం.
రాత అన్నాం.
రెండింటికి మళ్లీ కాటా తెరిచాను.
మొదటి లారీ పదహారు వేల నాలుగొందల కేజీలు,
అది గుర్తుంది.
ఆ పొద్దున మీరావలి ఈ కిటికీ దగ్గర
నాతో ఏమన్నాడో గుర్తులేదు.
చిల్లర అడిగాడా, టైమా?

నిండు లారీ తూకంలోంచి
ఖాళీ లారీ తూకం తీసేస్తే సరుకు.
పదకొండేళ్లుగా ఇదే లెక్క నాది.
ఈ రాసినాయనకి తీసివేత రానట్టుంది.
లారీని, డ్రైవర్ని,
టాపు మీద నిద్రపోతున్న క్లీనర్ని,
అతని తల కింద చెప్పుల జతని
కాటా మీదే ఉంచి తూచాడు.
మా దగ్గరైతే దాన్ని మోసం అంటారు.

చివర నాకు నచ్చలేదు.
లోరీన్ ఫ్లాస్కు కడుగుతుంది,
కాఫీ పోసుకుంటుంది.
అంత తేలిగ్గానా?
ఏసోబు ఆ పన్ను ఇంతవరకూ పీకించుకోలేదు.
పెద్దాసుపత్రి లైన్లో ఉండగానే కబురొచ్చిందట,
చీటీ పారేసి పరిగెత్తుకొచ్చాడు.
ఏడాదిగా ఒక్క దవడతోనే నములుతున్నాడు.
ఎందుకని ఎవరం అడగలేదు.

నిన్న టీ గ్లాసు కిటికీలో పెట్టి తనే అడిగాడు,
"ఏం కథ మేడమ్, అంతలా చదువుతున్నారు?"

"ఫ్లాస్కు మర్చిపోయిన మనిషి కథ" అన్నాను.

నవ్వుతాడనుకున్నా.
వెనక నరసరావుపేట లారీ హారన్ మీద హారన్.
ఏసోబు కిటికీ ఊచ పట్టుకుని
అక్కడే నిలబడ్డాడు.

"ఊఁ, తర్వాత?"